బోణీ ఫారం

తెల్లవారి ఆరు కాకముందే వాకిలి ఊడ్చి పేడనీళ్ళ సానుపు చల్లకపోతే శంకరవ్వకు చాయ్ గొంతు దిగదు. సానుపు ఆరీ ఆరకముందే గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తుంది. ముందు చుక్కలు, ఆ తర్వాత గీత. ఆ వేళకు ఆమె కూతురు రోజారాణి ఒక చేత్తో తల దువ్వుకుంటూ, ఇంకో చేత్తో అన్నం గిన్నె సంచిలో కుక్కుకుంటూ, బస్సు పోతుందని తనను తానే తిట్టుకుంటూ ఉంటుంది. ఏడుంపావు బస్సు అందితేనే కరీంనగర్‌లో తొమ్మిదికల్లా కంప్యూటర్ ముందు కూర్చోగలదు. సిరిసిల్లలో వాళ్ళ వీధి అప్పటికే లేచి ఉంటుంది. కరెంటు మగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఇంటింటా సాంచెలు టకటకలాడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు కాబట్టి ఆ వీధిలో గుసగుసలాడడం ఎవరికీ చేతకాదు. రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు.

శంకరవ్వ ముగ్గు సంగతి మాత్రం ఎవరూ అరిచి చెప్పుకునే పనిలేదు, అందరికీ తెలిసిందే. నిజం దాచిపెట్టినవాడు ఆ ముగ్గులో కాలు పెడితే, అడిగినదానికి జవాబు చెప్పేదాకా ఆ కాలు బయటికి రాదు. ఇంటింటికీ తిరగకుండా చాయ్ హోటల్లో కూర్చుని అంకెలు రాసుకున్న మీటర్ రీడింగ్ మనిషి ఒకసారి పది గంటల దాకా అందులో నిలబడ్డాడు. పాలాయన నిలబడ్డాడు. పెద్దమనిషి తరహాగా సంబంధం మాట్లాడడానికి వచ్చి, పిల్లవాడికి అంతకుముందే ఒక పెళ్ళయిందని చెప్పని మధ్యవర్తి కూడా నిలబడ్డాడు. నిలబడ్డవాళ్ళకు శంకరవ్వ మర్యాదగా చాయ్ ఇచ్చేది. నిజం చెప్పగానే కాలి బొటనవేలితో గీతను ఒకచోట చెరిపి బయటికి తొవ్వ ఇచ్చేది. వీధిలోకి కొత్తగా కిరాయికి దిగినవాళ్ళకు ఇంటివాళ్ళు మూడు సంగతులు చెప్పేవారు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, కోతులొస్తే తలుపు వేసుకోవాలి, శంకరవ్వ ముగ్గు తొక్కేముందు ఏమైనా దాచారేమో ఒకసారి చూసుకోవాలి.

కానీ ఇదంతా ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఎనిమిదేళ్ళుగా శంకరవ్వ ముగ్గు గీతను కలపడం లేదు. రోడ్డు వైపు జానెడు జాగా వదిలేస్తున్నది. కొడుకు కైలాసం గల్ఫ్ నుంచి ఏ పొద్దున వచ్చినా ఆ జాగాలోంచి నేరుగా ఇంట్లోకి నడిచి రావాలని ఆమె ఆశ. గీత కలవని ముగ్గుకు పట్టు ఉండదు. మీటర్ రీడింగ్ మనిషి మళ్ళీ చాయ్ హోటల్లోనే కూర్చుంటున్నాడు. పాలల్లో మళ్ళీ నీళ్ళు కలుస్తున్నాయి. వీధిలో ఒక్కరు కూడా ఆ జానెడు జాగా ఎందుకు వదిలావని ఆమెను అడగలేదు.

కైలాసాన్ని పంపినవాడు హనుమండ్లు. కరీంనగర్‌లో ఆఫీసు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలను విమానాలెక్కించే ఏజెంటు. బట్టల దుకాణంలో పని, ఏసీలో కూర్చోవడమే అని చెప్పాడు. ఇంట్లో ఉన్న రెండు సాంచెలు అమ్మి కైలాసం పోయాడు. అతని తండ్రి అప్పటికే లేడు. మూడు నెలలు కైలాసం వారానికోసారి ఫోన్ చేశాడు. దుకాణం కాదు అవ్వా, బిల్డింగుల మీద పని, ఎండ మస్తుగున్నది అన్నాడు. నాలుగో నెలలో ఒకసారి చేశాడు. ఆ తర్వాత ఫోన్ లేదు. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా ముందు కంపెనీ పేరు కనుక్కొని రమ్మన్నారు. ఆ పేరు హనుమండ్లుకు తప్ప ఎవరికీ తెలియదు. అతనికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే మాట.

"ప్రాసెస్‌ల ఉన్నదవ్వా. ఫికర్ చెయ్యకు."

శంకరవ్వ ఒకసారి ముగ్గు పిండి సంచిలో వేసుకుని, బస్సెక్కి, అతని ఇంటికే పోయి గేటు ముందు కూర్చుని, అక్కడ మాత్రం గీత కలిపి ముగ్గు వేసింది. అక్కడంతా నున్నగా మెరిసే నల్ల గ్రానైటు పరిచాడు. పిండి పట్టు నిలవలేదు. వాచ్‌మన్ ఒక బకెట్ నీళ్ళు పోశాడు, అంతే, గీతంతా కాలువలో కలిసింది. హనుమండ్లు వెనక గేటు నుంచి కారెక్కి పోయాడు. ఆ రోజు నుంచి అతను సిరిసిల్లలో ఆ వీధి తొక్కలేదు. ఎక్కడికి పోయినా గడప దగ్గర ఆగి, నేల మీద ముగ్గు ఉందేమో చూసుకునే అలవాటు కూడా అప్పుడే మొదలైంది.

అప్పుడు రోజారాణి ఇంటర్ చదువుతోంది. నీళ్ళల్లో కొట్టుకుపోతున్న ముగ్గును చూసి అవ్వ ఏడ్చింది కానీ, వెంట పోయిన ఆ పిల్ల ఏడవలేదు. వీడి చేతనే నిజం చెప్పించాలి, చెప్పించినాక కూడా వదలొద్దు అని మనసులో ముడి వేసుకుంది. డిగ్రీ అయ్యాక కరీంనగర్ మంచిర్యాల చౌరస్తా దగ్గర పరశురాములు సార్ కంప్యూటర్ సెంటర్‌లో వెబ్ పేజీలు తయారు చేయడం నేర్చుకోవడానికి చేరింది. హనుమండ్లు ఆఫీసు కూడా అదే రోడ్డులో ఉండడం ఆమె ఎంచుకున్న సంగతేనని అవ్వకు కూడా చెప్పలేదు.

సెంటర్‌లో మూడో వారం పరశురాములు సార్ ఫారం పాఠం చెప్పాడు. ముందు ఫామ్ అన్న ట్యాగ్, అంటే కంప్యూటర్‌కు పెట్టే గుర్తు, తెరవాలి. తెరిచిన ట్యాగ్‌ను చివర మూయాలి. అడగాల్సినవన్నీ ఆ రెండింటి మధ్యన ఉండాలి. ప్రశ్నకు లేబుల్, జవాబుకు గడి. ఖాళీగా వదలకూడని గడికి రిక్వైర్డ్ అన్న మాట తగిలించాలి. అన్నిటికీ కింద సబ్మిట్ బటన్ పెట్టాలి. అది నొక్కితేనే నింపినవాడి పని అయినట్టు.

"గిది ముగ్గే గద సార్" అంది రోజారాణి.

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు, ఆయనది కూడా సిరిసిల్ల పక్క ఊరే.

"ట్యాగ్ మూయకుంటే ఏమైతది సార్?"

"పేజంత ఆగమాగం అయితది బిడ్డా."

"మా అవ్వ గూడ గట్లనే అంటది" అంటూ ఆమె రాసుకుంది.

ఆమె చేసిన మొదటి ఫారం ఒక కాలేజీ ఆటల పోటీలకు. వయసు తగ్గించి రాసిన కబడ్డీ పిల్లవాడొకడు మౌస్ మీది చేయి ఎత్తలేక గంటసేపు కుర్చీలో అలాగే ఉండిపోయి, చివరికి పుట్టిన తేదీ సరిగ్గా కొట్టి, సబ్మిట్ నొక్కి బయటపడ్డాడు. పరశురాములు సార్ అతని వంక, స్క్రీన్ వంక చూసి, "తప్పు పట్టే వ్యాలిడేషన్ మంచిగ రాసినవ్" అని మెచ్చుకున్నాడు. తర్వాత ఒక పెళ్ళి సంబంధాల ఆఫీసు ఆమెతో ఫారం చేయించుకుంది. తాగుడు అలవాటు ఉందా అన్న గడి దగ్గర ఒక పెళ్ళికొడుకు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. వాళ్ళమ్మ వచ్చి పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది కానీ, రాయమని మాత్రం చెప్పలేదు. అట్లా ఊళ్ళో పేరొచ్చింది. సరిగ్గా రాయించుకోవాలంటే రోజారాణి మేడం ఫారమే కావాలని కాలేజీలవాళ్ళు, హాస్టళ్ళవాళ్ళు అడిగి మరీ చేయించుకునేవారు. సార్ ఆమెకు అక్కడే ఉద్యోగం ఇచ్చాడు.

ఆ పేరు వినే ఒక సోమవారం పదకొండు గంటలకు హనుమండ్లు సెంటర్ గడప దగ్గరికి వచ్చాడు. ఆగాడు. నేల మీద అంతా తెల్ల టైల్స్, ఎక్కడా ముగ్గు పిండి జాడ లేదు. ఊపిరి వదిలి లోపలికి వచ్చి రోజారాణి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఎనిమిదేళ్ళు నేల చూసుకుంటూ తిరిగిన మనిషికి, ఎదురుగా ఉన్న పిల్ల ముఖంలో కైలాసం ముక్కు, కైలాసం కళ్ళు ఎట్లా కనిపిస్తాయి?

ఆమె మాత్రం గుర్తుపట్టింది. మంచినీళ్ళ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగింది.

"ఏం చెల్లె, ఫారాలు చేసేది నువ్వేనా? నీ ఫారంల ఎవ్వడు అబద్ధం రాయడంట గద. మా పోరగాండ్లు వయసులు, పాస్‌పోర్టు నంబర్లు తప్పు రాసి నన్ను పరేషాన్ చేస్తుండ్రు. ఒక రిజిస్ట్రేషన్ ఫారం కావాలె. సాదాది. గల్ఫ్ పోయెటోళ్ళు ఇంట్ల కూసొని ఫోన్ల నింపుకోవాలె."

"ఆఫీసుకు రావద్దా సార్?"

"గదే గద అసలు కత. ఆఫీసుకు జనం మస్తుగొస్తుండ్రు. అవ్వలొస్తరు, అయ్యలొస్తరు, పెండ్లాలొస్తరు. కూసుంటరు, ఏడుస్తరు, మావోడేడి అంటరు. గీ ఫారం ఉంటే ఒక్కలు గూడ రారు. వాళ్ళు రాసుడు, మనం తీసుకునుడు. గంతే."

"వాళ్ళు మనల్ని ఏమన్న అడగాల్నంటే ఒక గడి పెట్టాల్నా సార్?"

"వద్దు వద్దు. అడిగే గడి అసలే వద్దు." అతను నవ్వి, చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఆఖర్ల గీ ముక్క పెట్టు. టిక్కు కొట్టంది ముందటికి పోవద్దు."

ఆ కాగితం మీద ఉన్నది ఆమెకు చదవకుండానే తెలుసు. 'ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే' అన్న వాక్యం. కైలాసం సంతకం పెట్టిన కాగితం జిరాక్సు ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉంది. దాని మీద కూడా అక్షరం తేడా లేకుండా ఇదే వాక్యం.

"మీదేవూరు చెల్లె?" అని అడిగాడు లేస్తూ.

"సిరిసిల్ల సార్."

"అట్లనా. ఆడికెంచి మస్తుమందిని పంపిన."

"తెలుసు సార్" అంది రోజారాణి. "గురువారం రండ్రి. తయారైతది."

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి శంకరవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రోజారాణి చెప్పులు విడవకుండానే సంగతి చెప్పింది. అవ్వ చేతిలోని ఆకు చిరిగిపోయింది.

"గాయన మన వాకిట్లకు రాడు బిడ్డా. నేను చూసిన గద."

"రాకుంటె మాయె. గాయన కండ్ల ముందటికే ముగ్గు తీస్కపోత."

"నీకొస్తదా?"

"నువ్వు నేర్పిందే గద అవ్వా."

శంకరవ్వ చిరిగిన ఆకు పక్కన పారేసి ఇంకోటి తీసుకుంది. "చుక్కల లెక్క తప్పొద్దు. గీత ఏడ మొదలువెడ్తె ఆడికే తేవాలె. నిజం చెప్పినంక తొవ్వ ఇయ్యాలె. ఇయ్యకుంటే గది ముగ్గు కాదు, ఉచ్చు. మా అమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్తున్న."

"ఇస్త" అంది రోజారాణి. ఆ క్షణాన నిజంగానే ఇద్దామనుకుంది.

రెండు రోజులు కూర్చుని ఫారం కట్టింది. చూడబోతే అంతకంటే సాదా ఫారం కరీంనగర్‌లో ఉండదు. పేరుకో గడి, తండ్రి పేరుకో గడి, ఊరికి ఒకటి, పుట్టిన తేదీకి ఒకటి, ఫోన్ నంబర్‌కు అంకెలు తప్ప ఇంకేమీ పట్టని గడి, పాస్‌పోర్టు నంబర్‌కు ఒకటి, ఆ కింద టిక్కు. ప్రతి గడికీ రిక్వైర్డ్ తగిలించింది. టిక్కు కింద ఇంకో పెద్ద గడి పెట్టి, దాని మీద తన చేత్తో లేబుల్ కొట్టింది. పక్క సీట్లో పిల్లలు కరెంటు బిల్లులు, హాల్‌టికెట్లు అంటూ అరుస్తున్నా ఆమెకు వినపడలేదు. చివర ఫామ్ ట్యాగ్ మూసింది. సబ్మిట్ బటన్ ఒక్కటి మిగిలింది. అది ఒకే వరుస, అరనిమిషం పని. జవాబు చూశాక రాద్దాంలే అనుకుని ఆ వరుస ఖాళీగా వదిలింది.

గురువారం హనుమండ్లు హుషారుగా వచ్చాడు. ఆ వారమే ముప్పైమంది పోయే బ్యాచ్ ఉంది. ఫారం ఎక్కిస్తే వాళ్ళంతా సాయంత్రానికల్లా నింపేస్తారని చెప్పాడు. పరశురాములు సార్ అతన్ని మూడో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"బోణీ మీ చేతితోనే కావాలె సార్" అంది రోజారాణి. "ఫారం ఎవరు చేయిస్తే మొదలు వాళ్ళే నింపాలె. మా సెంటర్ల గది రివాజు."

ఆ రివాజు నిజంగానే ఉంది. దుకాణం తెరిచినవాడు మొదటి బేరం ఎట్లా చూసుకుంటాడో, ఆ సెంటర్‌లో ఫారాలకూ అట్లానే చూసుకునేవారు. హనుమండ్లుకు బోణీ అంటే మహా పట్టింపు. మంగళవారం ఒక్క పిల్లవాడిని కూడా విమానమెక్కించడు. సంబరంగా చేతులు కీబోర్డు మీద పెట్టాడు. రెండు వేళ్ళతో వెతుక్కుంటూ పేరు కొట్టాడు. తండ్రి పేరు కొట్టాడు. పుట్టిన తేదీ రెండేళ్ళు తగ్గించి కొట్టాడు, గడి దానంతట అదే ఖాళీ అయింది. "అరె, మంచిగ పట్టుకున్నది" అని నవ్వుకుంటూ సరిచేశాడు. పాస్‌పోర్టు నంబర్ అయింది. ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే అన్న చోట టిక్కు పెట్టాడు. కిందికి జరిపాడు.

పెద్ద గడి వచ్చింది. దాని మీద ఇట్లా ఉంది: సిరిసిల్ల శంకరవ్వ కొడుకు కైలాసం ఎక్కడున్నాడు?

హనుమండ్లు ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. ఆ తర్వాత నేల వైపు చూశాడు. తెల్ల టైల్స్ తప్ప ఏమీ లేదు. లేవబోయాడు. మౌస్ మీది చేయి రాలేదు, పాదాలు రాలేదు. అప్పుడు తలెత్తి మొదటిసారి ఆ పిల్ల ముఖం చూశాడు. కైలాసం ముక్కు, కైలాసం కళ్ళు కనపడ్డాయి.

"నువ్వు శంకరవ్వ బిడ్డవా?"

"గడి నింపుండ్రి సార్."

అతను ప్రాసెస్‌లో ఉంది అని కొట్టాడు. గడి ఖాళీ అయింది. నాకు తెలియదు అని కొట్టాడు. ఖాళీ అయింది. కంపెనీని అడగాలి అని కొట్టాడు, వేరే ఊరు పోయాడట అని కొట్టాడు, పెళ్ళి చేసుకున్నాడట అని కూడా కొట్టాడు. ఒక్కొక్కటే చెరిగిపోయింది. మధ్యాహ్నం రెండయింది. పక్క సీటుకు డిగ్రీ పిల్లలు వచ్చి, అతన్ని కొంచెం జరగమని, పరీక్ష ఫీజులు కట్టుకుని పోయారు. ఆడపిల్ల ఒకతె అతని స్క్రీన్ చూసి, "రోజక్క ఫారమా? అయితే రాసెయ్యి అంకుల్, లేకుంటే పొద్దుగూకుతది" అని మంచి మాట చెప్పింది.

మూడున్నరకు అతని వేళ్ళు మళ్ళీ కదిలాయి. ఈసారి తడబడలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ పోయాడు. నాలుగో నెలల తొమ్మిదో అంతస్తు మీదికెంచి పడ్డడు. ఆడనే పాతిపెట్టిండ్రు. నాకు ఫోన్ వచ్చింది. గా వారమే ఇరవై రెండు మంది పోయేదుండె. చెప్తే ఎవ్వరూ పోరని చెప్పలే.

గడి చెరగలేదు.

రోజారాణి వెనక నిలబడి చదివింది. అన్న లేడన్న సంగతి ఆమెకు ఎప్పుడో లోపల తెలుసు, అవ్వకు కూడా తెలిసే ఉండాలి. ఆ మాట ఆమెను కూల్చలేదు. ఆఖరి మాట కూల్చింది. చెప్తే ఎవ్వరూ పోరని చెప్పలే. ఇందుకా ఎనిమిదేళ్ళు మా అవ్వ గీత కలపకుండా కూర్చున్నది? ఇందుకా ప్రతి పండక్కి ఒక విస్తరి ఎక్కువ వేసి ఎత్తిపెట్టింది? ఒళ్ళంతా మండిపోయింది. కొట్టాలనిపించింది, కుర్చీతో సహా రోడ్డు మీదికి ఈడ్వాలనిపించింది. చేతులు వెనక కట్టుకుని నిలబడింది.

"రాసిన గద బిడ్డా. ఇగ పోత" అన్నాడు హనుమండ్లు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. పేజీ కిందికి జరిపాడు. ఇంకా కిందికి జరిపాడు. గడి కింద తెల్లటి జాగా తప్ప ఏమీ లేదు. "సబ్మిట్ ఏది? బటన్ లేదేంది?"

రోజారాణి తన సీట్లోకి పోయి కూర్చుంది. ఆ ఒక్క వరుస రాయడానికి వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది. అవ్వకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇరవై రెండు మంది కూడా గుర్తొచ్చారు, వాళ్ళలో ఎవరి పేరూ ఆమెకు తెలియకపోయినా. వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఫోన్ అందుకుని అవ్వను రమ్మంది.

శంకరవ్వ సాయంత్రం బస్సుకు వచ్చింది. ఆమెకు చదువు రాదు. కూతురు చదివి వినిపిస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. రెండుసార్లు చదివించుకున్నది. పరశురాములు సార్ కుర్చీ వేస్తే కూర్చోలేదు. హనుమండ్లు ఆమె వంక చూడలేక స్క్రీన్ వంకే చూస్తున్నాడు.

"ఏ ఊర్ల పాతిపెట్టిండ్రో అడుగు" అంది శంకరవ్వ.

రోజారాణి ఇంకో గడి రాసింది. హనుమండ్లు ముందున్న పేజీలో పెద్ద గడి కింద అది వచ్చి నిలిచింది. ఊరి పేరు రాశాడు. కంపెనీ పేరుకు ఇంకో గడి. రాశాడు. ఎనిమిదేళ్ళు అడిగిన ప్రతిదానికీ పది నిమిషాల్లో జవాబు వచ్చింది.

"అవ్వా" అన్నాడు హనుమండ్లు. "అన్ని చెప్పిన. నీ బిడ్డను బటన్ పెట్టుమని చెప్పు."

శంకరవ్వ కూతురి వైపు తిరిగింది. "బటన్ అంటే ఏంది బిడ్డా?"

"తొవ్వ అవ్వా. గది పెడ్తె లేచి పోతడు."

రోజారాణి తల వంచుకుంది. తొవ్వ ఇయ్యాలె అని అవ్వ ఇప్పుడంటే ఇవ్వక తప్పదు. శంకరవ్వ ఆ మనిషిని నిలువునా చూసింది. మెరిసే గ్రానైటు, బకెట్ నీళ్ళు, కాలువలోకి పోయిన పిండి, అన్నీ ఆమె కళ్ళలో కనిపిస్తున్నాయి. కొంగు సర్దుకుంది.

"తొందరేమున్నది?" అంది.

మరుసటి రోజు నుంచి శంకరవ్వ ఇంటి ముందు ముగ్గు లేదు. కైలాసానికి దినాలు చేశారు. సాంచెలు ఆపి వీధి వీధంతా వచ్చింది, ఆ పదకొండు రోజులూ అక్కడ ఎవరూ అరిచి మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున శంకరవ్వ సానుపు చల్లి, చుక్కలు పెట్టి, గీత గీసి, రోడ్డు వైపు వదిలే జానెడు జాగా దగ్గర ఒక్క క్షణం ఆగి, కలిపేసింది. పది గంటలకల్లా మీటర్ రీడింగ్ మనిషి అందులో చిక్కుకున్నాడు. ఆమె అతనికి చాయ్ ఇచ్చింది.

ఈలోపల కరీంనగర్‌లో సంగతి పాకింది. మొదట ఒక మంథని అవ్వ వచ్చి, హనుమండ్లు పంపిన తన అల్లుడి పేరు మీద ఒక గడి వేయమంది. తర్వాత రోజూ ఎవరో ఒకరు. ఫోటోలు పట్టుకుని వచ్చేవారు, వరుసలో కూర్చునేవారు. ఎవరినైతే ఆఫీసులో కూర్చోవద్దనుకున్నాడో, వాళ్ళంతా ఇప్పుడు ఇక్కడ అతని వెనకే కూర్చుంటున్నారు. రోజారాణి పేరు అడిగి లేబుల్ కొట్టేది, అతను నింపేవాడు. ఒకడు జైల్లో ఉన్నాడు, ఒకడు పాస్‌పోర్టు గుంజుకుంటే ఎడారిలో గొర్రెలు కాస్తున్నాడు, ఒకడు బతికే ఉన్నాడు, ఫలానా గల్లీలో ఉన్నాడు. ఆ చివరి జవాబు విని ఇద్దరు చిన్న పిల్లల తల్లి ఒకతె సెంటర్‌లోనే కూలబడి నవ్వుతూ ఏడ్చింది. హనుమండ్లు భార్య రోజూ అన్నం తెచ్చేది. పక్కన కూర్చుని పైనుంచి కిందిదాకా జవాబులన్నీ చదివేది. నాలుగో రోజు నుంచి అన్నం మాత్రం పంపింది, తాను రాలేదు. ఒక కానిస్టేబుల్ వచ్చి ఇదేంటని గద్దించి, స్క్రీన్ చదివి, టోపీ తీసి, తన మేనమామ కొడుకు పేరు మీద ఒక గడి వేయించుకుని పోయాడు. ముప్పైమంది బ్యాచ్ పోలేదు. వాళ్ళ పాస్‌పోర్టులు ఎక్కడున్నాయన్న గడి కూడా ఫారంలో ఉంది.

పరశురాములు సార్ మూడో కంప్యూటర్‌ను లెక్కలోంచి తీసేశాడు. షట్టర్ వేసి పోయేటప్పుడు ఆ పక్క ఫ్యాన్ మాత్రం ఆపడు.

నిన్న పొద్దున ఇచ్చోడ నుంచి ముసలి దంపతులు వచ్చారు. రెండు బస్సులు మారి వచ్చారట. ముసలాయన కొడుకు ఫోటో రోజారాణి బల్ల మీద పెట్టి, వేలితో దుమ్ము తుడిచి, పేరు చెప్పాడు. ఆమె లేబుల్ కొట్టడం మొదలుపెట్టింది. మూడో కంప్యూటర్ దగ్గర నుంచి సన్నగా గొంతు వినపడింది. గడ్డం పెరిగి, చొక్కా వదులై, హనుమండ్లు ఇప్పుడు నేల వైపు చూడడం మానేశాడు. చూసినా స్క్రీనే, లేదంటే ఆమె ముఖమే.

"బిడ్డా, నీ కాల్మొక్త. గా బటన్ ఎప్పుడు పెడ్తవ్?"

రోజారాణి తల తిప్పకుండానే లేబుల్ పూర్తి చేసింది. దాని పక్కన రిక్వైర్డ్ అని కొట్టింది.

"ప్రాసెస్‌ల ఉన్నది సార్. ఫికర్ చెయ్యకుండ్రి" అని, ముసలాయనకు మూడో కంప్యూటర్ వెనకాల కుర్చీ చూపించి కూర్చోమంది.